వీర్రాజు గారి రాతి పురాణం

వీర్రాజు గారి చేతిలో మైకు ఉన్నంతసేపూ బస్సులో ఇంకెవరికీ నోరుండదు. దీన్ని ఫిర్యాదుగానే మొదలుపెడుతున్నాను. నేను కెనడాలో, వాటర్లూ యూనివర్సిటీలో ముప్పయ్యేళ్ల పైచిలుకు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఒకరు చెబుతుంటే కిక్కురుమనకుండా వినడం నాకు అలవాటు లేదు. అలాంటి నన్ను వేసవి తర్వాత వేసవి ముందు సీట్లో కూర్చోబెట్టి, తలాతోకా లేని కథలన్నీ వినిపించిన ఘనుడాయన. అయినా ఎవరూ అడక్కుండానే ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను. ఆ మనిషంటే నాకు ఇష్టం. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

ఆయనది రాజమండ్రి. తీర్థయాత్రల బస్సుల్లో గైడు. డిక్కీలో బియ్యం బస్తా, గ్యాసు పొయ్యి, వంటవాడు. లోపల మడికట్టుకునే ముసలమ్మలు, బీపీ మాత్రల తాతలు. వాళ్లను గోదావరి గట్టున ఎక్కించుకుని కాశీ, గయ తిప్పి, గంగ చెంబులతో సహా మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం ఆయన ఉద్యోగం. బస్సు ఎక్కడో మధ్యప్రదేశ్ కొండల్లో మొండికేసి, మెకానిక్కు కోసం వెళ్లినవాడు ఎంతకీ రాక, ముసలమ్మలు ఏడుపు మొహాలు పెడితే, వీర్రాజు గారు మైకుకు చేతిరుమాలు చుట్టి లేచేవారు. ఎదురుగా ఉన్న గుట్టను చూపించి దానికి అప్పటికప్పుడు ఒక పురాణం అల్లేవారు. బస్సు కదిలేసరికి ముసలమ్మలు దిగి ఆ గుట్టకు దణ్ణం పెట్టి, గుప్పెడు మట్టి కొంగున కట్టుకుని ఉండేవారట.

మన జనానికి అదొక బలహీనత. ఏ గుట్ట కనబడినా దాని మీద ఏ దేవతో పసుపు నూరి ఉండాలి. ఏ మడుగు కనబడినా దాని ఒడ్డున ఏ మునో తపస్సు చేసి ఉండాలి. ఉత్త గుట్ట, ఉత్త మడుగు అంటే మనకు ఒంట పట్టదు.

"గైడన్నోడు తెలీదనకూడదండి మేడమ్ గారూ," అనేవారాయన. "తెలీదన్నాడా, సగం బస్సుకి జొరమొచ్చేత్తదండి."

భార్య పోయాక కూతురు బేబీ ఆయన్ను టొరంటో పక్కనున్న ఎటోబికో తెచ్చుకుంది. బేబీకి ఎయిర్‌పోర్ట్ దగ్గర కార్గో గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగు స్టూడెంట్లు అద్దెకుండేవాళ్లు. అవి విమానం దిగిన ప్రతి గుంపులోనూ మన పిల్లలుండే రోజులు. షిఫ్టుకు వెళ్లేవాడు లేచిన పరుపు మీద షిఫ్టు నుంచి వచ్చినవాడు పడుకునేవాడు. వీర్రాజు గారు గిన్నెతో చారు పట్టుకుని కిందికి దిగేవారు. ఒకరోజు, "కెనడా వచ్చి ఏడాదైంది కదా, ఏం చూశారర్రా?" అని అడిగితే, వాళ్లు కాసేపు ఆలోచించి, కాలేజీ, వేర్‌హౌసు, బస్‌స్టాపు అన్నారట. ఆ మాట ఆయనకు మింగుడుపడలేదు. ఇంత దేశానికొచ్చి బస్‌స్టాపు చూశామంటారేంటి అని కూతురి మీద కేకలేశారు, అదేదో బేబీ తప్పయినట్టు.

అలా బస్సు పుట్టింది. బేబీయే డ్రైవరుతో సహా బస్సు మాట్లాడింది. ఊళ్లు, నయాగరాలు ఏవీ వద్దని ఆయన పట్టుబట్టారు. "జనాన్ని చూసి చూసి ఉన్నారండి పిల్లలు. జనం లేని చోటికి పోదారి." జనం లేని చోటు కావాలంటే కెనడాలో కొదవేముంది? ఉత్తరంగా సడ్‌బరీ దాటి, సుపీరియర్ సరస్సు ఒడ్డమ్మట రోజంతా పోయినా అడవి, రాయి, నీళ్లు, మళ్లీ అడవి. అక్కడ చెప్పడానికి ఏమీ తెలియదు కాబట్టి రాళ్ల సంగతి తెలిసిన ఒక పెద్దావిణ్ణి వెతికారు. బేబీ స్నేహితురాలు ఒకప్పుడు నా క్లాసులో కూర్చుంది. అలా నేను దొరికాను.

మొదటి ప్రయాణం కెనడా డే సెలవుల్లో. పొద్దున్నే ఎటోబికోలో బస్సెక్కగానే చింతపండు పులిహోర వాసన. మైకు గరగరలాడింది. "హలో హలో, మైక్ టెస్టింగ్. అందరూ వచ్చారాండీ? రానోళ్లు చేతులెత్తండి!" పిల్లలు పడీపడీ నవ్వారు. చిన్నప్పుడు స్కూలు టూరులో విన్న జోకు ఇంతదూరంలో వినబడితే ఆ నవ్వు వేరుగా ఉంటుంది. నేనూ నవ్వాను.

నవ్వు అక్కడితో సరి. సడ్‌బరీ దాటాక మైకు నాకిచ్చారు. రోడ్డు పక్క కోసిన గులాబీ రంగు రాతిని చూపించి, ఇది రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటిదని, మన కాళ్ల కింద ఉన్నది ఈ ఖండానికి వెన్నెముక అని చెప్పుకొచ్చాను. తల తిప్పి చూస్తే బస్సంతా నిద్రపోతోంది. డ్రైవరు ఒక్కడే మేలుకుని ఉన్నాడు, అదే మా అదృష్టం. వీర్రాజు గారు మెల్లగా మైకు తీసుకుని, "ఆ గులాబీ రాయి ఉంది చూశారా, అక్కడో రాజుగారి కూతురు..." అన్నారో లేదో, అందరి తలలూ లేచాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు నేను ఇద్దరికీ లోకువయ్యాను.

"మీరు చెప్పేది నిజమేనండి," అని తర్వాత నన్ను ఓదార్చారు. "కాని నిజానికి నిద్దరొచ్చేత్తదండి."

రెండో రోజు హైవే వదిలి కంకర రోడ్డెక్కాం. మలుపులో పెట్రోలు, చేపల ఎరలు, టీ అమ్మే చిన్న కొట్టుంది. నడిపేది మార్లీన్ అనే ఆవిడ, ఇంచుమించు నా వయసే. ఆ చుట్టుపక్కల నేల అనిషినాబే వాళ్లది. మనమెవరమూ రాకముందు నుంచి ఉన్నవాళ్లు, మార్లీన్ కూడా వాళ్ల మనిషే. సరస్సుకు పోయే దారి వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. మార్లీన్ మా బస్సు వైపు, బస్సులోంచి వచ్చే మైకు గోల వైపు కాసేపు చూసి, పోనిమ్మని చెయ్యి ఊపింది. వీర్రాజు గారు ఆవిడకు విస్తరాకు ప్లేటులో పులిహోర ఇచ్చారు. ఆయన ఇంగ్లిషులో క్రియాపదాలుండవు. "లెమన్ నో, టామరిండ్, గుడ్," అన్నారు. ఆవిడ అక్కడే నిలబడి మొత్తం తినేసింది.

సరస్సు ఒడ్డున ఒక రాయి ఉంది. ఇల్లంత రాయి. మూడు చిన్నరాళ్ల మీద ఎవరో ఎత్తి పెట్టినట్టు ఒంటరిగా కూర్చుని ఉంటుంది. నల్లగా, చారలతో, చుట్టుపక్కల ఉన్న గులాబీ రాతికీ దానికీ పోలికే లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది ఇక్కడి రాయి కాదు వీర్రాజు గారూ! మంచుయుగంలో ఎక్కడో ఉత్తరాన్నుంచి హిమానీనదం మోసుకొచ్చింది. మంచు కరిగిపోయింది, రాయి ఇక్కడ ఉండిపోయింది. దూరం నుంచి వచ్చి స్థిరపడిన రాయన్నమాట," అన్నాను.

ఆయన కళ్లలో ఏదో వెలిగింది. నా శాస్త్రం ఆయనకు ముడిసరుకైందని అప్పుడు నాకు తెలియలేదు.

పిల్లల్ని రాయి చుట్టూ కూర్చోబెట్టి చెప్పారు. ఒకానొక పిల్ల, నా అన్నవాళ్లు లేక, ఎంతో దూరం నుంచి నడిచి నడిచి ఈ ఒడ్డుకు చేరింది. ఇక్కడ ఉండనిమ్మని సరస్సునడిగింది. సరస్సు పలకలేదు. మళ్లీ అడిగింది. పలకలేదు. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు, తిరిగి పోలేదు. అక్కడే కూర్చుంది. మంచు పడింది, కూర్చుంది. ఎండ కాసింది, కూర్చుంది. కూర్చుని కూర్చుని రాయైంది. అప్పుడు సరస్సు నోరు విప్పి, 'ఉండు' అంది. "అంచేత దూరం నుంచొచ్చినోళ్లు ఇక్కడ రిబ్బను కట్టి మనసులో అడిగితే, ఉండనిత్తదండి ఆ తల్లి," అని ముగించారు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టు కాదు, అక్కడే మొలిచినట్టుంది. ఆ పిల్లల్లో వర్క్ పర్మిట్ గురించో, ఇక్కడే ఉండిపోనిచ్చే పీఆర్ గురించో బెంగ లేనివాళ్లు ఒక్కరూ లేరు. ముందుగా లేచింది స్టెఫీ. రేపల్లె అమ్మాయి, వాటర్లూ పక్కనే కాలేజీలో డిప్లొమా చదివేది, సన్నగా పుల్లలా ఉండేది. జడకున్న ఎర్ర రిబ్బను విప్పి రాయి పక్క చెట్టుకు కట్టింది. నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మా డాడీ పాస్టర్. ఈ విషయం ఎక్కడా అనకండి ప్లీజ్," అంది. ఆ తర్వాత జోళ్ల తాళ్లు, దుపట్టా పోగులు, చివరికి ఫోన్ చార్జర్ తీగ కూడా కట్టారు. ఆ మొహాలు చూశాక హిమానీనదాల గురించి మాట్లాడడానికి నాకే మనసొప్పలేదు.

ఒక కుర్రాడు ఆ కథను ఫోన్‌లో తీసి రీల్ పెట్టాడు. ఇక చూసుకోండి. గోరంత కొండంతైంది. వీసాలిచ్చే దేవుణ్ణి ఎరిగిన జాతి మనది, పీఆర్ ఇచ్చే రాయిని వదులుతుందా? శరదృతువు వచ్చేసరికి దానికి 'పీఆర్ రాయి' అని పేరొచ్చింది. బ్రాంప్టన్ నుంచి కార్లు కట్టుకుని పోయారు. రెజైనా నుంచి ఒక కుటుంబం రెండు రోజులు డ్రైవ్ చేసుకుని వచ్చిందట. ఇలా ప్రదక్షిణాలు, ఇలా నైవేద్యం అని ఎవరో నియమాలు కూడా పుట్టించారు. వీర్రాజు గారు ఫోన్ చేసి పొంగిపోయారు. "మేడమ్ గారూ, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క గుట్టకీ ఇంత పేరు రాలేదండి!" నేను దెబ్బలాడాను. ఆయన నవ్వారు.

మరుసటి వేసవి మళ్లీ బస్సు బయల్దేరింది. ఈసారి సీట్లు చాలలేదు. స్టెఫీ ఒళ్లో పసుపు రాసిన కొబ్బరికాయ పెట్టుకుని కూర్చుంది. వర్క్ పర్మిట్ వచ్చింది, ఒక క్లినిక్‌లో ఉద్యోగం కూడా దొరికింది. మొక్కు తీర్చుకోవాలట. "డాడీకి తెలిస్తే నా పని ఫినిష్ ఆంటీ," అంటూ ఆ కాయను చంటిపిల్లలా నిమురుతోంది.

మలుపులో మార్లీన్ రోడ్డుకడ్డంగా నిలబడి ఉంది. నన్ను, వీర్రాజు గారిని దిగమంది. మిగతావాళ్లను బస్సులోనే ఉంచి మా ఇద్దరినీ తన పికప్ ట్రక్కులో ఒడ్డుకు తీసుకుపోయింది.

దిగి రాయి దగ్గరికి నడిచాను. కిందినుంచి నిలువెత్తు వరకు పసుపూ కుంకుమా. వందల ఏళ్లు పట్టి పెరిగే రాతిపాచి గోకేసి ఉంది, పేర్లు రాసుకోవడానికి. చిప్పలు, కుళ్లిన అరటిపళ్లు, నీళ్లలో ప్లాస్టిక్ దండలు. మార్లీన్ అవేవీ చూపించలేదు. దూరంగా పొదల దగ్గర ఒక చోటు చూపించింది.

"ఇక్కడ కాల్చాల్సి వచ్చింది," అంది. "ఆడ ఎలుగు. వసంతంలో నిద్రలేచి వచ్చి కొబ్బరి, మిఠాయిలు తినడం మరిగింది. తర్వాత మనుషుల వెనక పడడం నేర్చింది. మా పిల్లలు ఈత కొట్టే వైపు వచ్చింది. మా తమ్ముడే కాల్చాడు. మా నాన్న వైపు వంశానికి ఎలుగే గుర్తు. వాడు ఆ రోజు నుంచి సరిగా మాట్లాడడం లేదు."

నేను వీర్రాజు గారికి తెలుగులో చెప్పాను.

"ఈ దారి మూసేయాలని మా కౌన్సిల్ అనుకుంటోంది," అంది మార్లీన్. "నేనే ఆగమన్నాను. అడ్డు పెడితే అడవిలోంచి నడిచి వస్తారు. కథ చెప్పిన మనిషి చెప్పలేదంటేనే ఇది ఆగుతుంది. చెప్పింది ఇతనే కదా? ఆ మైకులోనే చెప్పమను." రాయి వైపు తిరిగి అంది, "ఉండనిమ్మని రాయినడిగారట. మేం ఇక్కడే ఉన్నాం. మమ్మల్ని అడగాలని ఒక్కరికీ తోచలేదా?"

ఈ చివరి మాట అనువదించడానికి నాకు నోరు రాలేదు. నలభై అయిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను. నాకూ తోచలేదు. అయినా చెప్పాను.

ఆయన పికప్ అంచు పట్టుకుని నిలబడ్డారు. "మేడమ్ గారూ, మీరు చెప్పెయ్యండి," అన్నారు చివరికి. "ప్రొఫెసరు కదండి. ఉత్త రాయని మీరంటే అతుకుద్దండి. నేను మైకులో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే ఇంక నా మొహం ఎవరు చూత్తారండి? ఆ స్టెఫీ మొహం నేనెలా చూడనండి?"

"నేను చెబితే పిల్లలు నిద్రపోతారని మీరేగా అన్నారు," అన్నాను. కటువుగానే అన్నాను. "వాళ్లను మేలుకొలిపి అబద్ధం చెప్పింది మీరు. నిజం కూడా మీరే మేలుకొలిపి చెప్పండి."

బస్సు ఒడ్డుకొచ్చింది. పిల్లలు ఉత్సాహంగా దిగి, రాయిని చూసి కొంత తగ్గారు. రీల్ తీసిన కుర్రాడు ఈసారీ ఉన్నాడు. వీర్రాజు గారు వాణ్ణి పిలిచి, "బాబూ, ఫోను ఆన్ చెయ్యి. ఇదీ అందరూ చూడాలి," అన్నారు. బస్సు మెట్టు మీద నిలబడి మైకుకు రుమాలు చుట్టబోయి, ఎందుకో రుమాలు జేబులో పెట్టేసుకున్నారు.

"పోయినేడు ఇక్కడో కథ చెప్పానండి. అది ఈ రాయి కథ కాదండి. ఎవరి పురాణంలోనూ లేదు. అప్పటికప్పుడు నేను కట్టింది. ఈ రాయి పర్మిట్లిచ్చినట్టూ, పీఆర్లిచ్చినట్టూ నాకు తెలీదు." ఆ 'తెలీదు' అన్న మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. "ఇది ఈ ఊరోళ్ల చోటు. వాళ్లనడక్కుండా నేను దేవతని నిలబెట్టేశాను. మన నైవేద్యాలు మరిగిన ఒక తల్లి ఎలుగుని వాళ్లు చంపుకోవాల్సొచ్చిందండి. ఆ పాపం ఆళ్లది కాదు. నాది."

మైకు దించేశారు. నాకు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పెద్దమనిషిని, అలా ఎలా పట్టుకోను? పట్టుకోలేదు.

స్టెఫీ ముందుకొచ్చింది. కొబ్బరికాయ ఇంకా చేతిలోనే ఉంది. "అంకుల్, నేను నమ్మాను," అంది.

"తెలుసమ్మా."

"అప్పుడు నేను ఫుల్ డిప్రెషన్‌లో ఉన్నా. తిరిగి వెళ్లిపోదామని టికెట్ కూడా చూశా. మీ కథ విని, ఆ అమ్మాయి కూర్చుంది కదా, నేనూ ఇంకొన్నాళ్లు కూర్చుంటా అనుకుని ఆగిపోయా. ఇప్పుడు అదంతా ఉత్తిదే అంటే..."

ఇంకొకరైతే దానికో సర్దుబాటు చెప్పేవారు. నువ్వు నమ్మావు కాబట్టే జరిగిందమ్మా అనో, నీ మనసే దేవత అనో. వీర్రాజు గారి నాలుక మీద అలాంటివి డజన్లుంటాయి. ఆయన మాత్రం మెట్టు దిగి, తలొంచుకుని, చొక్కా చేతులు మడిచి, మార్లీన్ తెచ్చిన బకెట్ తీసుకుని నీళ్ల వైపు నడిచారు. స్టెఫీ అటే చూసింది. కొబ్బరికాయను సంచిలో పెట్టేసి, చెట్టు దగ్గరికి పోయి, ఏడాదిగా వెలిసిపోయిన తన ఎర్ర రిబ్బను ముడి గోళ్లతో లాగి విప్పింది. ఆ తర్వాత ఆయన చేతిలోంచి బకెట్ లాక్కుంది. "మీరు జారి పడతారు అంకుల్, ఇటివ్వండి."

మధ్యాహ్నమంతా కడిగాం. ఆ రోజు మాత్రం నా మాట చెల్లింది. ఇనప పీచు వద్దు, సబ్బు వద్దు, మెత్తటి గుడ్డ, ఉత్త నీళ్లు. పాచి ఉన్నచోట చెయ్యి పెట్టారో ఊరుకోను అని అరుస్తూ తిరిగాను. ఎవరూ నిద్రపోలేదు. పసుపు మరక పూర్తిగా పోలేదు. రెండు మూడు చలికాలాలకు పోతుందిలే అంది మార్లీన్. స్టెఫీ మొక్కు ఆవిడ వంటింట్లో తీరింది. ఆ కాయ కొట్టి పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరితే, మార్లీన్ తమ్ముడు కూడా వచ్చి తిన్నాడు. మాట్లాడలేదు గాని, రెండోసారి వేయించుకున్నాడు.

బయల్దేరే ముందు వీర్రాజు గారు ఆవిడ దగ్గరికెళ్లి నన్ను పిలిచారు. "అసలు కథేంటో అడగండి మేడమ్ గారూ. ఇక్కడ ఏదో ఉండుంటదండి. నాకు ఒళ్లు చెప్తోందండి."

ఉంది, అంది మార్లీన్. కాని అలాంటి కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెబుతారు. వేసవిలో చెప్పరు. వినాలనుంటే చలికాలంలో రావాలి. వచ్చేటప్పుడు పొగాకు తెచ్చి చేతికిచ్చి అడగాలి.

"తాంబూలం ఇచ్చి అడిగినట్టన్నమాట," అని తలూపారాయన. అది ఆయనకు నా వివరణ లేకుండానే అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే. "కథకి కాలమేంటండి? అడిగినప్పుడు చెప్పేదేగా కథ?" అని ఎటోబికో చేరేదాకా గొణుగుతూనే ఉన్నారు. దారి పొడుగునా మైకు ముట్టుకోలేదు. పిల్లలే పాటలు పాడుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వీర్రాజు గారికి చలంటే చచ్చేంత భయం. ఆకులు రాలడం మొదలైతే ఇల్లు కదలరు. చెత్త డబ్బా బయటపెట్టమన్నా వసంతంలో చూద్దామనే రకం. అందుకే సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఫోన్ చేసి, "మేడమ్ గారూ, ఎప్పుడు పోదారి?" అంటే నేను నమ్మలేదు. బస్సు లేదు, జనం లేరు. స్టెఫీ కొత్తగా కొన్న పాత కారులో ముగ్గురం వెళ్లాం. మంకీ క్యాపు, దానిమీద అల్లుడి టోపీ, బేబీ చుట్టిన రెండు శాలువలతో ఆయన వెనక సీట్లో ఒక మూటలా ఉన్నారు. రోడ్డు మీద మంచు దుమ్ము లేచినప్పుడల్లా కళ్లు మూసుకుని ఏవో దండకాలు చదివారు. ముందు సీట్లో స్టెఫీ కీర్తనలందుకుంది. నాకు ఆ రెండూ కలిసి మంచి కాపలాలాగే అనిపించింది.

మార్లీన్ తలుపు తీసి ఆయన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది. ఆయన గ్లౌజులు తీసేసి, పొగాకు పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని అందించారు. ఆవిడ పుచ్చుకుని, పొయ్యి దగ్గర కుర్చీ చూపించింది.

కథ చాలాసేపు చెప్పింది. స్టెఫీ మెల్లగా ఆయన చెవిలో తెలుగు చేస్తూ వచ్చింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నోరు కొంచెం తెరిచి, విన్నారు. జీవితమంతా మైకుకు అటువైపు నిలబడిన మనిషి ఇటువైపు కూర్చుంటే ఎలా ఉంటాడో అప్పుడు చూశాను. ఆ రాయి ఎలా వచ్చిందో, ఎవరికోసం వచ్చిందో నాకూ తెలిసింది. చెప్పను. ఇది రాస్తున్నది వేసవిలో.

ఈ ఏడు మళ్లీ బస్సు బయల్దేరింది. అన్నీ కొత్త మొహాలే. బస్సు ఏర్పాట్లలో బేబీ చేసే పనులన్నీ ఇప్పుడు స్టెఫీయే చేస్తోంది. మలుపు దగ్గర బస్సాగగానే ఒకడు అరిచాడు, "అంకుల్, ఇక్కడే కదా పీఆర్ రాయి? స్టోరీ చెప్పండి!" మిగతావాళ్లు ఈలలేశారు.

వీర్రాజు గారు మైకు తీసుకున్నారు. పాలు మరిగిన పిల్లి ఊరుకుంటుందా అని నా భయం.

"కథ ఉందండి," అన్నారు. "నేను విన్నాను. ఆయ్, చాలా బావుంటది. కాని అది నా కథ కాదు. మంచు పడ్డప్పుడు వచ్చి, ఆవిడనడిగి వినాలి. ఇప్పుడైతే దిగండి. ముందు ఆవిణ్ణి అడుగుదారి, మనం రావచ్చో లేదో."

మైకు కట్టేశారు. "ఇంతేనా?" అంది వెనకనుంచి ఎవరిదో గొంతు. ఇంతే.

పిల్లలు దిగి కొట్టు ముందు బారు తీరారు. ఒక్కొక్కరూ మార్లీన్ ముందుకెళ్లి, పేరు చెప్పి, మీ చోటికి రావచ్చా అని అడిగారు. మొదట్లో సిగ్గుపడ్డారు, నవ్వారు. పోనుపోను నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ ప్రతి ఒక్కరి మొహం చూసి, పేరు మళ్లీ పలికి, రమ్మంది. నేనూ వరసలో నిలబడి అడిగాను. ఈ దేశంలో నేను ఇంతవరకు నింపిన కాగితాల్లో ఎక్కడా ఎవరినీ ఇలా ఎదురుగా నిలబడి అడగలేదు. రమ్మంటే కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

చివరన వీర్రాజు గారు. జుట్టు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, "మేడమ్, ఐ... కమ్?" అన్నారు. ఈసారి క్రియాపదం ఉంది.

మార్లీన్ నవ్వి, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. ఆయన కంగారుగా నా వైపు తిరిగారు. "ఏమందండీ? వద్దందా?"

"మీరు అడగక్కర్లేదంది," అన్నాను. "మీరు చలికాలంలో వచ్చినవారట."